లోచూపు యంత్రములు – క్యాన్సరు వ్యాధి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఊరిలో ఎవరికేని జబ్బు చేసినదని తెలిసినప్పుడు పూర్వము బంధువులు "వైద్యుడేమనెను?" అని అడుగుచుండెడివారు. ఇప్పుడు "స్కానింగు తీసినారా?" అని అడుగుచున్నారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు. అయితే, తీసిన స్కానింగు ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను రెండవ ప్రశ్నను ఎవరును అడుగుట లేదు. క్యాన్సరు అను మాట చెవిని పడినంతనే ఆ రెండవ ప్రశ్నకు మనస్సులో చోటే ఉండదు. నేటి ప్రసంగమునకు విషయము ఆ రెండవ ప్రశ్నయే.

మన పెద్దలు రాచపుండు, పుట్టకురుపు అని పిలిచిన వ్రణములలో కొన్ని ఈ వ్యాధియే. సుశ్రుత సంహితలో అర్బుదమను పేర వర్ణింపబడిన గడ్డలును ఈ జాతివే యని పండితులు చెప్పుదురు. కాని పైకి కనబడినవానికే వారు పేరు పెట్టగలిగిరి. కాలేయములోను, ఊపిరితిత్తులలోను, ప్రేవులలోను దాగి పెరిగినదానికి పేరు లేదు. "కడుపులో ఏదో గడ్డ" అనియో, "చిక్కి శల్యమై పోయినాడు" అనియో చెప్పుకొని, దైవముమీద భారము వేసి ఊరకుండిరి. శరీరమును కోయక లోపల చూచుట అను శక్తి మనుష్యునకు చేకూరి నూటముప్పది యేండ్లు మాత్రమే అయినది.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీ దేశములోని వర్‌ట్స్‌బుర్గ్ పట్టణమున విల్‌హెల్మ్ రాంట్జెన్ అను ఆచార్యుడు చీకటిగదిలో గాజుగొట్టముతో ప్రయోగము చేయుచుండగా, నల్లకాగితముతో కప్పిన ఆ గొట్టమునుండి కూడ ఏవో కిరణములు వెలువడి, దూరముననున్న పలకను మెరయజేయుట గమనించెను. వాని స్వభావము తెలియకపోవుటచే, గణితములో తెలియని రాశికి పెట్టు అక్షరమునే వానికి పేరుగా పెట్టెను. ఆ డిసెంబరు 22వ తేదీన తన భార్య చేతిని చిత్రము తీసెను. వ్రేళ్ల యెముకలును, వ్రేలికున్న ఉంగరమును ఆ చిత్రమున కనబడినవి. భౌతికశాస్త్రమునకు మొట్టమొదటి నోబెలు బహుమానము 1901లో ఆయనకే లభించెను. ఆ కిరణములపై ఆయన పేటెంటు తీసికొనక, లోకమునకు విడిచిపెట్టెను. 1923లో ఆయన ప్రేవుల క్యాన్సరుతో మరణించుట విధివిలాసము.

ఎక్స్‌రే యనగా నీడ. ఈ సభలో తోలుబొమ్మలాట చూచిన పెద్దలు చాలమంది ఉన్నారు. తెరపై ఒక బొమ్మ ముందు మరియొక బొమ్మ వచ్చినచో వెనుకదాని ఆకారము కలిసిపోవును. రావణుని వెనుక నిలుచున్న బంటు ఎవరికిని కనబడడు. అట్లే ఛాతీ ఎక్స్‌రేలో గుండె నీడ వెనుక, ప్రక్కటెముకల వెనుక చిన్నగడ్డ దాగియుండవచ్చును. ఈ లోపమును తీర్చినవాడు ఇంగ్లండు దేశీయుడైన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు. ఆయన కుక్కబొమ్మ గల గ్రామఫోను రికార్డులను అమ్మిన ఇ.ఎం.ఐ. కంపెనీలోని ఇంజనీరు. శరీరము చుట్టును ఎక్స్‌రే గొట్టమును త్రిప్పి, అన్ని కోణములనుండి వచ్చిన లెక్కలను గణకయంత్రమునకిచ్చి, కందగడ్డను చక్రములుగా తరిగి పరచినట్లు శరీరమును పొరలు పొరలుగా చూపు విధానమును ఆయన నిర్మించెను. అదియే సి.టి. స్కానింగు. 1971 అక్టోబరు 1వ తేదీన లండను నగరమందలి వింబుల్డన్ పేటలోని ఆసుపత్రిలో మెదడున గడ్డ యున్నదని అనుమానింపబడిన ఒక స్త్రీకి మొదటి స్కానింగు తీసిరి. గడ్డ చిత్రములో స్పష్టముగా కనబడెను. ఆ గణితమును ముందుగా వేరుగా సాధించిన అలన్ కార్మాకుతో కలిసి హౌన్స్‌ఫీల్డు 1979లో నోబెలు బహుమానమును పొందెను.

అల్ట్రాసౌండు కథ ఇంకను రమ్యమైనది. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు అను స్త్రీవైద్యుడుండెను. ఇనుప పలకలలో పగుళ్లను కనుగొనుటకు కర్మాగారములలో ధ్వనితరంగములను వాడుట చూచి, ఆయన ఆ యంత్రమును మనుష్యుల కడుపు గడ్డలపై ప్రయోగించెను. ఒక స్త్రీకి కడుపు విపరీతముగా ఉబ్బియుండెను. అది జీర్ణకోశపు క్యాన్సరనియు, ముదిరిపోయినదనియు, చేయవలసినదేమియు లేదనియు ఇతర వైద్యులు నిశ్చయించియుండిరి. డొనాల్డు యంత్రము ఆ కడుపులో నీటితిత్తివంటి గడ్డను చూపినది. శస్త్రచికిత్స చేయగా అది అండాశయమునకు పట్టిన సాధారణపు నీటిగడ్డ. దానిని తీసివేసిరి, ఆమె బ్రతికెను. 1958లో ప్రకటింపబడిన ఆ వ్యాసముతోనే వైద్యమున అల్ట్రాసౌండునకు స్థానము కుదిరినది. ఒక చిత్రము మరణశిక్షను రద్దుచేయగలదనుటకు ఇంతకన్న నిదర్శనమేల? అదే యంత్రమును మన దేశమున ఆడశిశువులను గర్భములోనే వెదకి నశింపజేయుటకు వాడిరి కనుక, 1994లో దానికొక శాసనము చేయవలసివచ్చినది. యంత్రమునకు పుణ్యపాపములు లేవు.

ఎం.ఆర్.ఐ. యంత్రము బలమైన అయస్కాంతము. అందులో ఎక్స్‌రే కిరణములు లేవు. మన దేహములోని నీటియందున్న హైడ్రోజను కణములను కదిలించి, అవి మరల కుదుటపడునప్పుడు వెలువరించు సంకేతములను చిత్రముగా మార్చును. మెదడు, వెన్నుపాము, మూత్రాశయము క్రింది గ్రంథి, పెద్దప్రేవు చివరిభాగము – వీనికి ఇది మేటి. దీనిని సాధించిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డులకు 2003లో నోబెలు లభించినది.

పైనవన్నియు ఆకారమును చూపునవి. పెట్ స్కానింగు నడతను చూపును. క్యాన్సరు కణములు సాధారణ కణములకంటె ఎక్కువ చక్కెరను తినునని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బుర్గ్ 1920 ప్రాంతములలో గమనించెను. ఆ తిండిపోతుతనమునే ఆధారముగా తీసికొని, చక్కెరవంటి పదార్థమునకు రేడియోధార్మిక గుణము కల్పించి రక్తములోనికి ఎక్కించి, అది ఎక్కడ కుప్పపడునో చిత్రము తీయుదురు. 1976 ఆగస్టులో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మొదటిసారి మనుష్యులకు ఈ మందు ఇచ్చిరి. దాని శక్తి ప్రతి 110 నిమిషములకు సగము తగ్గును. నిలువ చేయుటకు వీలులేదు కనుకనే ఇది పెద్ద నగరములకును, వాని సమీపమునకును పరిమితమై యున్నది. ఆరుగంటల ఉపవాసముతో వెళ్లవలెను. బస్సు దిగి, ఎండకు తాళలేక గ్లాసెడు చెరకురసము త్రాగి వెళ్లినవాని చిత్రము పాడగుటకు యంత్రము బాధ్యత వహించదు!

ఈ యంత్రముల వలన క్యాన్సరు రోగికి కలిగిన మేలు చెప్పతరము కాదు. పూర్వము కడుపు కోసి చూచి, వ్యాధి పాకినదని తెలిసికొని, మరల కుట్టి పంపుచుండిరి. ఇప్పుడా కోత చాలవరకు తప్పినది. నెదర్లాండ్సు దేశమున ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు శస్త్రచికిత్సకు ముందు పెట్ స్కానింగు కూడ తీసిరి. 2002లో ప్రకటించిన ఫలితములనుబట్టి, వ్యర్థమైన శస్త్రచికిత్సలు మొదటి వర్గములో నూటికి 41, పెట్ తీసిన వర్గములో నూటికి 21. అనగా ప్రతి ఐదుగురిలో ఒకరికి ఛాతీ చీల్పించుకొను కష్టము తప్పెను. హాడ్జ్‌కిన్ వ్యాధియను లింఫుగ్రంథుల క్యాన్సరులో రెండు విడతల మందు తరువాత తీసిన పెట్ చిత్రము శుభ్రముగా నున్నచో, ఊపిరితిత్తులను పాడుచేయు ఒక మందును మానివేయవచ్చునని 2016లో నిరూపించిరి. రేడియోధార్మిక చికిత్స చేయువారు సి.టి. చిత్రముపైననే గడ్డకు ఎల్లలు గీసి, ప్రక్క అవయవములకు దెబ్బ తగులకుండ కిరణములను మళ్లింతురు. లోతుననున్న గడ్డలోనికి సూదిని తప్పుదారి పట్టకుండ నడిపించునదియు ఈ చిత్రమే.

ఇంతవరకు గుణము. ఇక మితి.

భారతము చదివినవారికి మయసభ తెలియును. సుయోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరనుకొని వస్త్రములు ఎత్తిపట్టెను. నిజముగా నీరున్నచోట నేల యనుకొని అడుగువేసి పడెను. స్కానింగు చదువువారికి ఈ రెండు పొరపాట్లును ఎప్పుడును పొంచియున్నవే. లేనిదానిని ఉన్నదనుట, ఉన్నదానిని లేదనుట. కండ్లు మంచివైనను సభ మయుడు కట్టినది.

మొదటి పొరపాటునకు ఈ ఊరిలోనే నిదర్శనము కలదు. పేరుతో పనిలేదు. ఒక రైతునకు మెడలో రెండు గడ్డలు లేచినవి. సాయంకాలము జ్వరము, ఆకలి లేదు, బరువు తగ్గెను. పట్టణమున స్కానింగు తీయగా మెడలోను, ఛాతీలోను గ్రంథులు ఉబ్బియున్నవనియు, క్యాన్సరు అయి ఉండవచ్చుననియు, సూదిపరీక్షతో నిర్ధారింపవలెననియు వ్రాసిరి. "అయి ఉండవచ్చును" అను మాట ఇల్లు చేరునప్పటికి "అయినది" గా మారినది. సూది గ్రుచ్చిన వ్యాధి పాకునని ఎవరో చెప్పగా ఆ పరీక్ష వద్దనిరి. రెండెకరముల ముప్పది సెంట్ల మాగాణికి బేరము కుదిరి, బయానా పుచ్చుకొనుటకు దినము కూడ నిర్ణయించిరి. ఆ రైతు తమ్ముని కుమారుడు పట్టుపట్టి సూదిపరీక్ష చేయించెను. తేలినది క్షయ. ఆరునెలలు ప్రభుత్వమువారు ఉచితముగా ఇచ్చిన మందు వాడగా గడ్డలు కరగినవి. మాగాణి నేటికిని వారిదే.

దీనిలో యంత్రముయొక్క తప్పు లేదు. క్షయ గ్రంథియును చక్కెర తినును, అదియును పెట్ చిత్రములో దీపమువలె వెలుగును. మన దేశమువంటి క్షయపీడిత దేశమున ఈ భ్రాంతి మరింత ఎక్కువ. భూమికి సర్వే పటము తీసినచో హద్దులు తెలియును, విస్తీర్ణము తెలియును. మన్ను రేగడియో చవుడో పటము చెప్పదు. దానికి గునపము దింపి చూడవలసినదే. వైద్యమున ఆ గునపము సూదిపరీక్ష. గడ్డనుండి చిన్నముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూచినగాని క్యాన్సరను మాటకు సాధారణముగా రుజువు లేదు. వైద్యులే జాగ్రత్త వహించు వృషణమువంటి కొన్ని అవయవములు తప్ప, సూదివలన వ్యాధి పాకునను భయము నిరాధారము.

రెండవ పొరపాటు ఇంతకన్న దుఃఖకరము. ఇంటివారి సమ్మతితోనే ఈ మాట ఇక్కడ చెప్పబడుచున్నది. ముప్పదియెనిమిదేండ్ల యిల్లాలు స్నానము చేయునప్పుడు రొమ్ములో చిన్న గడ్డను తానే కనుగొన్నది. పట్టణమున మామోగ్రాము తీయించిరి. రొమ్మునకు తీయు ఎక్స్‌రేయే మామోగ్రాము. అనుమానించదగిన ఛాయ కనబడలేదని మొదటి పంక్తి. రొమ్ము కణజాలము దట్టముగా నున్నది గనుక గడ్డ మరుగున ఉండవచ్చును, అల్ట్రాసౌండును సూదిపరీక్షయు చేయింపవలెనని రెండవ పంక్తి. ఇంటివారు మొదటి పంక్తి చదివి కొబ్బరికాయ కొట్టిరి. ఎనిమిది నెలలకు చంకలో కూడ గడ్డ లేచినది. ఆమె రెండేండ్లు పోరాడి కన్నుమూసినది. ఆమె పిల్లలు ఈ గ్రంథాలయములోనే చదువుకొనుచున్నారు.

మామోగ్రాములో కొవ్వు నల్లగాను, పాలగ్రంథులు తెల్లగాను కనబడును. గడ్డయు తెలుపే. వయస్సు మీరి గ్రంథులు కరగి కొవ్వుగా మారిన రొమ్ములో తెల్లని గడ్డ నల్లని ఆకాశమున నక్షత్రమువలె తోచును. పడుచువారి రొమ్ములో అది ప్రత్తి మోపులో వేసిన ప్రత్తికాయ. పాశ్చాత్య స్త్రీలకంటె మన స్త్రీలకు ఈ వ్యాధి సుమారు పదేండ్లు ముందుగా వచ్చుచున్నది గనుక ఆ దేశముల లెక్క ఇక్కడ యథాతథముగా చెల్లదు. చేతికి గడ్డ తగులుచుండగా చిత్రము లేదన్నచో చేతినే నమ్మవలెను. గడ్డ ఏదియో తేలువరకు విడువరాదు.

చిత్రమునకు మరియొక మితి కలదు. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు నూరుకోట్ల కణములుండునని లెక్క. ఏ యంత్రమునకైనను కనబడవలెనన్నచో కొన్ని మిల్లీమీటర్ల ముద్ద కావలెను. అదియును కోట్ల కణముల ముద్దయే. వేయి కణములు, లక్ష కణములు ఎక్కడనో మిగిలియున్నచో ఏ స్కానింగును చూపలేదు. శస్త్రచికిత్స అయినది, స్కానింగు శుభ్రముగా వచ్చినది, ఇంకను ఈ వాంతులు పుట్టించు మందులెందుకని రోగులు మానివేయుచున్నారు. ఆ కనబడనివానికొరకే ఆ మందులు.

"అట్లయినచో ఏటేట అందరును ఒళ్లంతయు స్కానింగు తీయించుకొనిన సరిపోవును గదా!" అని కొందరందురు. కొన్ని సంస్థలు పండుగలకు రాయితీలు ప్రకటించి ఇట్టి పరీక్షలను అమ్ముచున్నవి కూడ. దక్షిణ కొరియా దేశపు కథ వారు వినవలెను. అక్కడ 1999లో ప్రభుత్వము క్యాన్సరు పరీక్షల పథకము ప్రారంభించినది. థైరాయిడు అందులో లేకున్నను, ఆసుపత్రులు తక్కువ రుసుమునకు మెడ అల్ట్రాసౌండును కూడ చేర్చినవి. 2011 నాటికి థైరాయిడు క్యాన్సరు రోగుల సంఖ్య 1993లో నున్నదానికి 15 రెట్లయినది. ఆ వ్యాధితో మరణించువారి సంఖ్య మాత్రము పెరుగనులేదు, తరుగనులేదు. అనగా నూరేండ్లు బ్రతికినను హాని చేయని అణుమాత్రపు గడ్డలను వెదకి పట్టి, వేలమందికి గ్రంథిని కోసివేసిరి. వారిలో అధికులు జీవితాంతము మాత్ర మ్రింగవలసినదే. ఆ దేశ వైద్యులలో కొందరు 2014లో బహిరంగముగా హెచ్చరించిన పిమ్మట పరీక్షలును, కోతలును తగ్గినవి.

కడుపునకు తీయు ఒక సి.టి.లో ఛాతీ ఎక్స్‌రేకన్న సుమారు నూరురెట్లు, ఒక్కొక్కచో నంతకు మించియు కిరణములు దేహమును సోకును. వ్యాధిగలవానికి ఆ నష్టము లెక్కలోనిది కాదు. ఏ జబ్బును లేనివాడు ఏటేట కొనితెచ్చుకొనుట అవివేకము. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ తన చేతులనే ఎక్స్‌రే ముందుంచి పరీక్షించుకొనుచు, ఆ కిరణముల వలననే క్యాన్సరు సోకి 1904లో మరణించెను.

అట్లని ముందుగా వెదకుట దండుగ కాదు. ఎవరిని వెదకవలెనో తెలిసి వెదకవలెను. అమెరికాలో చిరకాలము పొగత్రాగిన 53,454 మందిని తీసికొని, కొందరికి తక్కువ కిరణముల సి.టి.ని మూడేండ్లు వరుసగా తీయగా, ఊపిరితిత్తుల క్యాన్సరు మరణములు నూటికి 20 తగ్గినవని 2011లో ప్రకటించిరి. మేలే. కాని అందులో అనుమానము తోచిన ప్రతి 100 చిత్రములలో 96 కడకు క్యాన్సరు కానివి.

యంత్రము లేకుండ జరిగిన పనియు కలదు. బొంబాయి పేటలలో 1998 నుండి ఇరువదియేండ్లపాటు 1,51,538 మంది స్త్రీలపై టాటా ఆసుపత్రివారు ఒక పరీక్ష నడపిరి. శిక్షణ పొందిన సాధారణ స్త్రీలు రెండేండ్లకొకసారి చేతితోనే రొమ్ములను పరీక్షించిరి. ఏబదియేండ్లు దాటినవారిలో మరణములు నూటికి దాదాపు 30 తగ్గినవని 2021లో తేలినది. అంతకన్న చిన్నవారిలో ఆ మేలు కనబడలేదు. అదియును దాచక చెప్పిరి. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు నోరు తెరపించి దీపముతో చూచుట మాత్రము చేయగా, పొగాకుగాని మద్యముగాని సేవించువారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి 34 తగ్గినవని 2005లో ప్రకటించిరి. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టి అడ్డపొగ త్రాగు అలవాటును, దానివలన అంగిటికి పుట్టు క్యాన్సరును లోకములోని వైద్యులందరును ఎరుగుదురు. అంగిటిని చూచుటకు స్కానింగు ఏల? అద్దము, దీపము, కొంచెము సిగ్గు విడుచుట చాలును.

ఇప్పుడు చిత్రములను గణకయంత్రములే చదువుట నేర్చుచున్నవి. స్వీడనులో 80 వేలమందికి పైగా స్త్రీల మామోగ్రాములపై జరిగిన పరీక్షలో, యంత్రపు సాయమున్నచో వైద్యుల చదువు పని నూటికి 44 వంతులు తగ్గెననియు, క్యాన్సర్లను కనుగొనుటలో లోటు రాలేదనియు 2023లో తెలిపిరి. చిత్రములు తీయువారుండి చదువువారు కొరవడిన మన ప్రాంతములకు ఇది ఆశాజనకమే. అయినను రెండవ పంక్తిని ఇంటివారికి చదివి, విప్పి చెప్పుటకు మనుష్యుడే కావలెను. ఈ గ్రంథాలయమునకు వచ్చు విద్యావంతులైన యువకులు ఆ పనికి పూనుకొనవచ్చును. కాగితములో ఏమున్నదో ఉన్నది ఉన్నట్లు చదువుట, వైద్యుని అడుగవలసిన ప్రశ్నను చీటీపై వ్రాసియిచ్చుట; ఇంతే. బీదవారికి హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుండి ఈ వ్యాధికే ఉన్నదని చెప్పుట కూడ ఆ పనిలోనిదే.

కడపట ఒక చిన్న మనవి. పాత చిత్రములను పారవేయవద్దు. సూర్యగ్రహణము చూచుటకు పిల్లలకు ఇచ్చుటయు వద్దు. అది వారి కండ్లకు చేటు. నేటి చిత్రములోని మచ్చ ప్రమాదకరమో కాదో తేల్చుటకు నిన్నటి చిత్రముకన్న మంచి సాక్షి లేదు. పైని చెప్పిన రైతు తన చిత్రములన్నిటిని తేదీలు వేసి ఒక సంచిలో కట్టి, దస్తావేజుల పెట్టెలో పెట్టుకొనెను. నాలుగేండ్లకు దగ్గు పట్టి ఛాతీ చిత్రము తీయగా, అందులో మరల గ్రంథులు కనబడినవి. ఇల్లంతయు మరల గొల్లుమన్నది. ఆయన ఆ సంచి విప్పి వైద్యుని ముందుంచెను. వైద్యుడు రెండు చిత్రములను ప్రక్కప్రక్కన వెలుతురునకు పెట్టి కొలిచిచూచెను. గ్రంథులు పాతవే; సున్నము పట్టి గట్టిపడినవి; వెంట్రుకవాసియైన పెరుగలేదు. దగ్గునకు మందు వ్రాసి ఇంటికి పంపెను. సాయంకాలపు బస్సునకే ఆ రైతు ఊరు చేరి, నీరు కట్టుటకు చేనికి పోయెను.